పోయినవాళ్ళ చిప్పలు

పునర్వసు కార్తె, నాలుగో రోజు

మబ్బు పట్టింది, వాన లేదు. పొద్దున్నే మూడు వీధులు చూశాను, అరవై తొట్లు. నీళ్ళ మడ్డి అంకె అన్నిచోట్లా రెండు లోపే. రెండు లోపుంటే పసిబిడ్డకైనా పట్టొచ్చు. చిప్పల కాపరిగా నాకిది పదమూడో ఏడు. కాపరి రోజూ ఈ పుస్తకం రాయాలని పంచాయతీ నియమం. రోజూ రాసేంత ఏమీ జరగదు కాబట్టి జరిగినప్పుడే రాస్తాను. పదమూడేళ్ళలో ఎవరూ దీన్ని తెరిచి చూసిన పాపాన పోలేదు.

పని మామూలే. తొట్టిలో నీళ్ళు వడగట్టే ఆలిచిప్పల్ని ఒక్కొక్కటే తీయడం, పెదవుల సందున వెదురుపుల్ల పెట్టి కాస్త తెరవడం, కోడి ఈకతో మొప్పలు తుడవడం, నల్లి ఉంటే గీకి పారేయడం, మళ్ళీ ఇసుకలో గుచ్చి పెట్టడం. నీటినల్లి జొన్నగింజలో సగముంటుంది. చిప్ప మొప్పల్లో కాపురం పెట్టి, దాని ఒంట్లోనే గుడ్లు పెట్టి, దాని తిండే తింటుంది. ఇలా నెలనెలా ఈకతో తుడిచే పద్ధతి పెట్టింది నేనే, పదకొండేళ్ళయింది. అప్పట్నుంచి మాది నల్లి లేని ఊరు. మాలాగే తెప్పల మీదుండే పక్క ఊళ్ళవాళ్ళు పడవలేసుకొచ్చి మరీ నేర్చుకుని వెళ్ళారు. నాకు కొంచెం పొగరుందంటారు. ఉండాల్సినంతే ఉంది.

రత్నం వదిన తొట్టిలో ఆరు చిప్పలు. ఐదింటికి పుల్ల పెట్టాను. ఆరోది సోమన్న అన్నయ్యది. అన్నయ్య పోయి నాలుగేళ్ళు. బిడ్డ పుట్టినప్పుడు ఆ పేరున తొట్టిలో దించిన చిప్ప మనిషి పోయినా ఉంటుంది, ఇంకో ముప్ఫై నలభై ఏళ్ళు ఆ ఇంటికి నీళ్ళు వడగడుతూనే ఉంటుంది. పోయినవాళ్ళ నోట్లో పుల్ల పెట్టకూడదు. అది మా అమ్మమ్మల నాటి మాట, నేనూ దాటలేదు.

"ఏంటే తాయారూ, మీ అన్నయ్యని అట్టా గుడ్లప్పగించి చూస్తన్నావు? పలకరించరాదూ" అంది వదిన.

"పలకరిస్తే మూసుకుంటాడు."

"బతికున్నప్పుడూ అంతేగా."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాత వదిన మనవరాలు వల్లి చిప్ప తెరిచాను. ఆ పిల్లకి నాలుగేళ్ళు, దాని చిప్పకీ నాలుగేళ్ళే. మొప్ప మీద గసగసాల గింజంత తెల్లటిది ఒకటి కదిలింది. ఇలాంటి నల్లిని నేనెప్పుడూ చూడలేదు. ఈకతో తీసి సీసాలో వేసుకున్నాను.

ఇంటికొచ్చి మా తొట్టి చూశాను. మా ఇంట్లో రెండే చిప్పలు, నాదీ నా కూతురు ఇందూదీ. ఇందు నాన్న ఇంకో ఊరికి కాపురం మారుస్తూ తన చిప్ప తను పట్టుకుపోయాడు, మంచిపని చేశాడు. ఇందు మాత్రం నా దగ్గరే ఉంది. పంతొమ్మిదేళ్ళకి జ్వరం వచ్చి పోయింది, ఈ ఆశ్లేషకి రెండేళ్ళు నిండుతాయి. తొట్టి మీద నా నీడ పడితే దాని చిప్ప టక్కున మూసుకుంటుంది. పొద్దున్నే లేపితే దుప్పటి ముసుగేసుకునేది, అచ్చం అలాగే. నేను పక్కకి జరిగి కూర్చుంటాను. మెల్లగా మళ్ళీ తెరుస్తుంది. అది వడగట్టిన నీళ్ళు తాగి పనికి వెళతాను. నాకింకేమీ అక్కర్లేదు.

పుష్యమి కార్తె, రెండో రోజు

తొమ్మిదిళ్ళలో తెల్లనల్లి. ఒక్క చిప్పలో రెండు వందలు లెక్కపెట్టి ఆపేశాను. మొప్పలు పక్కు కట్టాయి, పెదవులు బిగించే ఓపిక లేక నోరు వెళ్ళబెట్టింది. తుడిచి పెడితే మూడోరోజుకి మళ్ళీ అంతే.

ఎలా వస్తోందో తెలిసింది. పడమటి నుంచి కుట్టని దోమ ముసురుకుంటోంది. భూతద్దం కింద పెట్టి చూస్తే ఒక్కో దోమ పొట్టకి నల్లి పిల్లలు నాలుగైదు వేలాడుతున్నాయి. నీటి మీద దోమ వాలగానే దిగి చిప్ప వెతుక్కుంటాయి. దోమకి కాపలా పెట్టగలమా?

మడ్డి అంకె తొమ్మిది.

పుష్యమి కార్తె, తొమ్మిదో రోజు

నలభై ఒక్క చిప్పలు చచ్చాయి. ఊరంతా నీచు కంపు. మడ్డి ముప్ఫైకి చేరింది, నీళ్ళు పచ్చగా ఉన్నాయి. అందరూ రెల్లు కోసుకొచ్చి మంట పెట్టి నీళ్ళు కాస్తున్నారు. కాస్తే పురుగు చస్తుంది గానీ నాచు విషం పోదు. అది చిప్ప ఒక్కటే తీయగలదు.

సాయంత్రం పంచాయతీ తెప్ప మీద ఊరంతా కూడింది. ప్రెసిడెంటు జోగయ్య గారు నన్ను ముందుకి పిలిచారు. "ఏం కనపడింది తాయారమ్మా? దాచకుండా చెప్పు."

కనపడింది ఒకటుంది. నాలుగు రోజులుగా కనబడుతోంది. ప్రతి తొట్టిలోనూ బతికున్నవాళ్ళ చిప్పలు చస్తున్నాయి, పోయినవాళ్ళవి మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. ఊళ్ళో అలాంటివి అరవై ఒకటి. అరవై ఒకటీ బాగున్నాయి.

వెనక నుంచి ఎవరో అన్నారు. "పోయినోళ్ళు పిలుస్తన్నారు. ఇంకేవుంది?"

నాకు ఒళ్ళు మండింది. "పిలిచేదైతే మా పిల్ల నన్నెప్పుడో పిలిచుండేది. నోరు ముయ్యి" అన్నాను. తర్వాత నాకు తోచింది చెప్పాను. ఊళ్ళో మనం తుడవనివి అవే. తెల్లనల్లి వాటిల్లో చేరింది. వాటికి అలవాటైపోయి వాటినేమీ చేయదు, పక్కవాటి మీదికి వెళుతుంది. తుడిచినకొద్దీ మళ్ళీ రావడం అందుకే.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు" అన్నారు జోగయ్య గారు. "ఒకదాన్ని తెరిచి చూస్తేనో?" అని ఆయనే అడిగారు.

రత్నం వదిన నా మొహంలోకి చూస్తోంది. నేనే అన్నాను. "వద్దండి. నోరు తెరిపించొద్దు. మూసినవి మూసినట్టే సున్నంలో పెడదాం. మర్యాదగా సాగనంపుదాం."

అందరూ ఒప్పుకున్నారు. అరవై ఒక్క ఇళ్ళవాళ్ళూ ఒప్పుకున్నారు. నా మాట మీద ఊరికంత నమ్మకం.

ఆశ్లేష కార్తె, ఐదో రోజు

అయిపోయింది.

దిబ్బ మీద గుంట తవ్వి రాళ్ళసున్నం పోశారు. ఒక్కొక్కరూ తమవాళ్ళ చిప్పని కొత్త గుడ్డలో చుట్టి తెచ్చారు. పెద్దిరాజు బాబాయ్, డెబ్భై ఏళ్ళ మనిషి, కొడుకు భద్రం చిప్పని నెత్తిన పెట్టుకుని నడుం లోతు నీళ్ళలో నడిచొచ్చాడు. రత్నం వదిన ఏడవలేదు. గుడ్డ ముడి విప్పి, "నీళ్ళకేం లోటు రానీలేదయ్యా నువ్వు" అని, మళ్ళీ కట్టి నాకందించింది. అన్నీ నేనే అందుకుని దించాను. నీళ్ళు చల్లగానే సున్నం ఉడికింది. ఆ శబ్దం గురించి రాయను.

అరవై ఒక్క మూటలు. అరవై ఒకటోది నాది. అందులో ఉన్నది ఖాళీ చిప్ప, ఇసుక పోసి పురికొసతో కట్టాను. ఇందూని మా తెప్ప కింద వలసంచిలో వేలాడదీశాను.

ఎవరికీ అనుమానం రాలేదు. నా మూట దించుతుంటే ఆడవాళ్ళు నా వీపు నిమిరారు. రెండేళ్ళు నిండిన రోజే పిల్లని మళ్ళీ సాగనంపుతోందని జాలిపడ్డారు. కంచే చేను మేస్తోందని వాళ్ళకేం తెలుసు? ఈ పుట చింపేయాలి.

మఖ కార్తె, మూడో రోజు

చింపలేదు.

తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. ఈ పది పన్నెండు రోజుల్లో ఇంకో నూట ఎనభై చిప్పలు పోయాయి. మడ్డి యాభై ఐదు. కాళ్ళూ చేతులూ తిమ్మిర్లు, వాంతులు. ఎనిమిది మంది మంచాన పడ్డారు. వల్లి వాళ్ళలో ఒకతి.

"దొంగల్ని ఎళ్ళగొట్టేం గదా, ఇంకా ఎందుకొస్తాంది?" అన్నారు జోగయ్య గారు.

"కొన్నాళ్ళు పడుతుందండి" అన్నాను, ఆయన వంక చూడకుండా.

ఎందుకొస్తోందో నాకు తెలుసు. ఒక్కటి మిగిలింది. అది నా ఇంటి కింద ఉంది.

రోజూ చీకటి పడకముందు వలసంచి పైకి లాగి చూస్తున్నాను. దాని పెదవులు నున్నగా, బిగువుగా ఉన్నాయి. ఊరంతా చస్తుంటే ఇది మాత్రం రోజురోజుకీ బాగుంటోంది. నిన్న మొదటిసారి దాన్ని చూస్తే నాకు భయమేసింది. కన్నకూతుర్ని చూసి భయపడ్డట్టే ఉంది, సిగ్గేసింది.

మఖ కార్తె, పదకొండో రోజు

వల్లి మాట పడిపోయింది. చూపు ఉంది, మాట లేదు. వదిన దాని పెదవులు తడిగుడ్డతో తుడుస్తోంది. ఇచ్చేందుకు మంచినీళ్ళు లేవు. నేనెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"రా, కూర్చో. నువ్వేం జేస్తావులే. చెయ్యాల్సిందంతా చేసేవు" అంది.

కూర్చోలేకపోయాను. పడవెక్కి వచ్చేశాను.

పుబ్బ కార్తె, రెండో రోజు

ఉదయం, మంచి వెలుగు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

తెల్లవారగానే సంచి పైకి లాగాను. ఇందూని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సున్నం దగ్గరికి తీసుకెళ్ళి పడేస్తే సరిపోయేది. కానీ చూడాలనిపించింది. నా వల్ల ఊరు ఇలా అయిందని నా కళ్ళతో చూస్తే గానీ నేను ఊరివాళ్ళకి చెప్పలేను. తప్పించుకుంటాను. నన్ను నేనెరుగుదును.

పుల్ల తీశాను. పెట్టలేకపోయాను. పోయినవాళ్ళ నోట్లో పుల్ల పెట్టకూడదు. కత్తి పెట్టకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఎలాగూ చంపేదే కదా, నొప్పి తెలియకుండా ఒక్క దెబ్బకి పోనిద్దామని, పెదవుల సందులోంచి కత్తి దూర్చి బిగికండ రెండువైపులా కోసేశాను. కోశాక చిప్ప ఇక మూసుకోదు. పదమూడేళ్ళ కాపరిని, నాకు తెలియదా? తెలిసే కోశాను.

తెరిచి చూస్తే ఒక్క తెల్లనల్లి లేదు.

మొప్పలు కడిగిన పలకలా ఉన్నాయి. పక్కు లేదు, మచ్చ లేదు. భూతద్దం పెట్టాను. లోపల పది పాతనల్లులు, జొన్నగింజలో సగముండే గోధుమరంగువి. పదకొండేళ్ళ కిందట నేను ఊళ్ళోంచి తుడిచి పారేసిన జాతి. తొమ్మిది ఆడవి, ఒక్కటి మగది. ఆ మగది అటూ ఇటూ తిరుగుతోంది, గుమ్మంలో మనిషి తిరిగినట్టు.

కదిపి చూద్దామని తెచ్చిన ఈకకి నిన్నటి తెల్లనల్లులు రెండు అంటుకుని ఉన్నాయి. చూస్తుండగానే అవి జారి మొప్ప మీద పడ్డాయి. మగది పరుగెత్తుకొచ్చి మొదటిదాన్ని కాళ్ళతో పట్టి నొక్కేసింది. రెండోదాన్ని అంచుదాకా తరిమి నీళ్ళలోకి తోసేసింది. తర్వాత మళ్ళీ తన చోటికి వెళ్ళి నిలబడింది.

అప్పుడర్థమైంది. అది కాస్త తిండి తింటుంది, కాస్త చోటు తీసుకుంటుంది, ఇంకొకరిని మాత్రం లోపలికి రానివ్వదు. పాతనల్లి ఉన్న ఇంట్లోకి కొత్తనల్లి రాలేదు. నేను తుడిచి తుడిచి ఊళ్ళో చిప్పలన్నిటికీ తలుపులు తీసిపెట్టాను. పుల్ల పెట్టకూడదన్న అమ్మమ్మల మాట పుణ్యాన అరవై ఒక్క చిప్పల్లో మాత్రం కాపలా మిగిలింది. మనిషి పోయి తుడవడం ఆగిన ప్రతి చిప్పలోకీ అంతకుముందు పోయినవాళ్ళ చిప్పలోంచి దోమల మీద పాతనల్లి చేరి ఉంటుంది. ఊరు బతకడానికి కావలసినదంతా వాటిలోనే ఉంది. అందులో అరవైని నా చేత్తో సున్నంలో దించాను. ఒక్కటి తెరిచి చూద్దామా అని జోగయ్య గారు అడిగితే వద్దన్నది నేనే. మిగిలిన ఆ ఒక్కదాన్నీ ఇప్పుడు కోశాను.

పుల్ల పెట్టి చూసి ఉంటే ఇందు బతికుండేది.

గట్టిగా ఏడ్చాను. ఏడిస్తే చేతులు వణుకుతాయి, చేతులు వణికితే నల్లి చితుకుతుంది. అందుకని ఆపేశాను.

అదే రోజు, మధ్యాహ్నం

ఇందూని నీళ్ళ పళ్ళెంలో పెట్టి, పడవలో పెట్టుకుని రత్నం వదిన ఇంటికి వెళ్ళాను. అక్కడ వల్లి చిప్ప ఇంకా బతికుంది, అరకొరగా. దాని మొప్పలు ఈకతో తుడిచాను, ఇది ఆఖరిసారి తుడవడం. తర్వాత మగదాన్నీ తొమ్మిది ఆడవాటినీ ఒక్కొక్కటే ఈక మొనతో ఇందు ఒంట్లోంచి తీసి వల్లి చిప్పలోకి దించాను. ఒంటి పొరలో గుడ్లున్నచోట చిన్న చిన్న ముక్కలు కోసి దోమ పిల్లలున్న నీళ్ళ కుండలో వేశాను. అవి పొదిగి, దోమలెక్కి, తిరిగొచ్చి, మిగిలిన చిప్పల్లో చేరాలి. ఎన్ని చేరతాయో తెలియదు.

వదిన ఒక్క మాటా అడక్కుండా పక్కనే కూర్చుని అంతా చూసింది. అయ్యాక పళ్ళెంలోని చిప్పని చూపించి, "ఇదెవరిది?" అంది.

"ఇందూది."

"ఇందూని సున్నంలో దించేవు గదే."

"దించలేదు వదినా. ఇసుక మూట దించాను." అని మిగతా అంతా చెప్పాను. సోమన్న అన్నయ్య చిప్పలోనూ ఇలాగే కాపలా ఉండేదని కూడా చెప్పాను. అది దాచి ఉండొచ్చు. ఇక దేన్నీ దాచదలచుకోలేదు.

కొడుతుందనుకున్నాను. వదిన పళ్ళెం ముందుకి జరుపుకుంది. ఇందు ఇంకా పోలేదు. తెరుచుకున్న చిప్పలోంచి తెల్లటి నాలుక మెల్లగా బయటికొచ్చి ఇసుక కోసం వెతుకుతోంది. వదిన తన వేలు పెట్టింది. అది వేలిని తడిమింది.

"మా ఆయన్ని కూడా ఇట్టా ఒక్కసారి చూసుకోనిచ్చుంటే బాగుండేది గదే తాయారూ" అంది.

ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. పొమ్మని కూడా అనలేదు.

పుబ్బ కార్తె, నాలుగో రోజు

ఉదయం ఏడున్నరకి ఇందు చిప్ప కదలడం మానేసింది. నీడ పడినా, వేలు పెట్టినా కదల్లేదు. పిల్ల పోయినప్పుడు మా అమ్మ పొరుగూరి నుంచి వచ్చింది, పక్కింటివాళ్ళున్నారు. ఇప్పుడెవరూ లేరు. ఒక్కదాన్నే కూర్చుని దాన్ని పేరు పెట్టి పిలిచాను. చాలాసార్లు పిలిచాను.

ఉత్తర కార్తె, ఆరో రోజు

వదిన తొట్టిలో మడ్డి పదకొండు. వల్లి చిప్ప గట్టిగా మూసుకుంటోంది. తెరిచి చూడలేదు, ఇక ఎవరి చిప్పా తెరవను. వల్లి నిన్న "దప్పిక" అంది. ఊరు గట్టెక్కుతుందో లేదో హస్త దాటితే గానీ తెలియదు. కుండలోంచి లేచిన దోమలు ఏడు వీధుల్లోకీ వెళ్ళాయి.

పంచాయతీలో నా పుస్తకం నేనే చదివి వినిపించాను, ఇసుక మూటతో సహా. శిక్ష వేయమన్నాను. జోగయ్య గారు తలవంచుకుని, "తెరవొద్దంటే మేవందరం సరేనన్నాం గదమ్మా. ఎవరికెయ్యమంటావు శిక్ష?" అన్నారు. అయితే అరవై ఇళ్ళకీ నేనే వెళ్ళి, మీ చిప్పలో తప్పేమీ లేదని విడివిడిగా చెబుతానని అడిగాను. ఒప్పుకున్నారు.

వదినకి ముందే చెప్పాను కాబట్టి రెండో ఇల్లు పెద్దిరాజు బాబాయ్‌ది. ఆయన పంచాయతీకి రాలేదు, ఈమధ్య ఎక్కడికీ రావడం లేదు. తెప్ప అంచున కూర్చుని వల అల్లుతున్నాడు. నేను మొత్తం చెప్పాను. భద్రం చిప్ప ఎవరికీ హాని చేయలేదని, ఊళ్ళో మిగిలిన మంచి చిప్పల్లో అదొకటని చెప్పాను.

బాబాయ్ వల పక్కన పెట్టాడు. "అయితే మావోడి వల్ల ఎవరికీ ఏం కాలేదా?"

"లేదు బాబాయ్."

"ఆ పిల్లకి మాట పోయింది కూడా వాడి వల్ల కాదా?"

"కాదు. నా వల్ల."

బాబాయ్ నీళ్ళకేసి తిరిగాడు. "దిబ్బ దాకా మోసుకెళ్ళేను గదా, దారంతా తిట్టేనమ్మా వాణ్ణి. బతికుండగా ఒక్క మాట అన్లేదు. సచ్చి ఊరి మీద పడ్డావేంట్రా, నా పరువు తీసేవు గదరా అని తిట్టుకుంటా నడిచేను. నెత్తి మీదే ఉన్నాడు, అంతా ఇని ఉంటాడు."

ఆయనే మళ్ళీ అడిగాడు.

"మీ ఇందూని నువ్వేవన్నా అన్నావా?"

"లేదు బాబాయ్. దాచుకున్నాను. భయపడ్డాను. ఆఖరికి నా చేత్తోనే కోశాను. మాట మాత్రం ఏమీ అనలేదు."

"అదృష్టవంతురాలివే" అన్నాడు.

నేను కాదనలేదు.